చెవిలో బఠాణీ

టీవీ సీరియల్‌లో శవపేటిక పక్కన నిలబడి బావురుమనాల్సిన విధవరాలు, ఆ ఏడుపు గొంతుతోనే "తమాలె తిన్నావా? నాక్కూడా ఒకటి తెచ్చిపెట్టు, పచ్చిమిరపకాయలది" అంది. ఎడిటింగులో ఎవరూ పట్టించుకోలేదు. దేశమంతా చూసింది. వారం రోజులపాటు మెక్సికో సిటీలో మెట్రో ఎక్కిన ప్రతివాడూ పక్కవాడిని తమాలె తిన్నావా అని అడిగి నవ్వుకున్నాడు.

ఆ మాట రచయిత రాసింది కాదు. పై గదిలో మైకు ముందు కూర్చున్న హెర్మీనియా, మైకు కట్టేశాననుకుని, మొక్కజొన్న కుడుముల కోసం పక్కనున్న మనిషితో అన్నది. విధవరాలి చెవిలో ఉన్న బుల్లి యంత్రం దాన్ని మోసుకుపోయింది. చెవిలో పడ్డదల్లా నోటితో పలకడం అలవాటైన, విధవరాలి వేషం వేసిన దోన్యా అంపారో అదీ పలికేసింది. దోన్యా అంటే అక్కడ అమ్మగారు, దోన్ అంటే అయ్యగారు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ఆ స్టూడియోలో ఎవరూ డైలాగులు బట్టీ పట్టరు. రోజుకు ఇరవై నాలుగు సీన్లు తీసే చోట బట్టీ పట్టడానికి తీరిక ఎక్కడ ఏడ్చింది? నటులందరి చెవుల్లోనూ బఠాణీ గింజంత యంత్రం ఉంటుంది. దాన్ని అందరూ బఠాణీ అనే పిలుస్తారు. పైనుంచి ఒక గొంతు ముందు డైలాగు చదువుతుంది, వెనకే నటులు పలుకుతారు. "తిరుగు" అంటే తిరుగుతారు, "ఏడువు" అంటే ఏడుస్తారు.

పంతొమ్మిదేళ్లుగా ఆ గొంతు హెర్మీనియాది. సినిమా బడిలో చదువుకున్న రోజుల్లో ఆమె పదకొండు నిమిషాల చిన్న సినిమా ఒకటి తీసింది. దానికి ఒక బహుమతీ వచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఆమెను పిలవలేదు. ఆమెతో చదివిన మగవాళ్లలో నలుగురు డైరెక్టర్లయ్యారు, వాళ్లలో ఇద్దరికి ఆమె హోంవర్కు కూడా చేసిపెట్టింది. ఆమె మాత్రం మైకు ముందు కూర్చుని ఇతరుల చెవుల్లో బతికింది. మనసులో ఉన్నదాన్ని దాచుకునే మనిషి కాదు హెర్మీనియా. డైరెక్టరు కావాలని ఉందని అడిగిన వాళ్లకీ చెప్పేది, అడగని వాళ్లకీ చెప్పేది. అందరూ విని నవ్వి ఊరుకునేవాళ్లు.

ఒక సోమవారం పొద్దున డైరెక్టరు దోన్ అనస్తాసియో సొంత ఇంటి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఏడింటికి నిర్మాత ఆమెను పిలిపించాడు. ఆయన చదివింది రోడ్లు వేసే ఇంజనీరింగు, తీసేది సీరియళ్లు. అయినా ఆ ఊరి మర్యాద ప్రకారం అందరూ ఇంజనీరుగారనే అంటారు. ఇంజనీరు ఉర్రూతియా కాఫీ కప్పులోంచి తలెత్తకుండానే మొదలుపెట్టాడు.

"ఈ సీరియల్ నీకు కంఠతా వచ్చు కాబట్టి అడుగుతున్నా. ఇవాళ డైరెక్టరు కుర్చీలో కూర్చుంటావా?"

"ఇవాళేనా? రేపు?"

"ఇరవై నాలుగు సీన్లున్నాయి. సాయంత్రం ఆరయ్యేసరికి అన్నీ అయితే మిగతా నలభై ఎపిసోడ్లూ నువ్వే తీసుకో. తెర మీద నీ పేరే పడుతుంది. ఒక్కటి తగ్గినా రేపు ఫాబ్రీసియో వస్తాడు."

ఫాబ్రీసియో అంటే ఇంజనీరుగారి చెల్లెలి కొడుకు.

"ఆరు దాటితే పది నిమిషాలైనా ఇవ్వరా?"

"యూనియన్ వాళ్లు ఆరింటికి లైట్లు తీసేస్తారు. నేను కాళ్లు పట్టుకున్నా ఆగరు, నీకు తెలుసు."

తెలుసు. హెర్మీనియా సరేనంది. గది బయటికొచ్చి నడవలో గోడకు చేతులానించి నిలబడింది. యాభై రెండేళ్ల మనిషిని అలా నిలబెట్టింది భయం కాదు, ఆశ.

ఆమె చేసిన మొదటి పని పై గదిలోంచి కిందికి దిగడం. డైరెక్టర్లంతా పై గదిలో గాజు వెనక కూర్చుని తెరలు చూస్తూ పనిచేస్తారు. దోన్ అనస్తాసియో నటుల ముఖాలను నేరుగా చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. ఈమె సెట్ మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. పైన డైలాగులు చదవడానికి ఇంకో ఆవిడను పెట్టింది. సెట్ మీద పనులు చూసుకునే మెలితోన్ నడుం మీద చేతులేసుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏంటి డైరెక్టరమ్మా, పైన ఏసీ పనిచేయట్లేదా?"

"నీ మొహం దగ్గర్నుంచి చూడాలనిపించింది."

"పాతికేళ్లు ఆలస్యం చేశావు. పెళ్లయిపోయింది నాకు."

పని మాత్రం పరుగులు తీసింది. ఏ కెమెరా ఎక్కడ పెడితే ఎంతసేపు మిగులుతుందో ఆమెకు కొట్టిన పిండి. వంటింటి సీన్లన్నీ ఒక వరసలో, హాలు సీన్లన్నీ ఒక వరసలో లాగించేసింది. మధ్యాహ్నం రెండింటికి పదహారు సీన్లు అయిపోయాయి. మెలితోన్ ఒక్కో సీనుకూ గోడ మీద గీత గీస్తూ, చివరికి జోకులు వేయడం కూడా మానేశాడు. ఇంజనీరు ఒకసారి తలుపులోంచి తొంగిచూసి, గీతలు లెక్కపెట్టుకుని, సంతోషంగా వెళ్లిపోయాడు.

పదిహేడో సీను ఆమె కావాలనే చివరి వరసకు తోసింది.

సీను చెప్పుకోవడానికి పెద్ద విశేషమేమీ లేదు. బిడ్డ పుట్టగానే పనిమనిషి చేతుల్లో పెట్టేసిన షావుకారి భార్య, ఇరవై రెండేళ్ల తర్వాత ఆ బిడ్డతో నేనే నీ తల్లినని చెబుతుంది. ఇలాంటిది ప్రతి సీరియల్‌లోనూ ఉంటుంది. తల్లి వేషం దోన్యా అంపారోది, కూతురు యత్సీరి అనే కొత్త పిల్ల. కానీ ఈ సీను కాగితాలు చేతికొచ్చినప్పటినుంచీ హెర్మీనియాకు నిద్ర పట్టలేదు. చెవిలో బఠాణీ ఉన్నవాళ్ల కళ్లలోకి ఒక రకమైన చూపు వస్తుంది. గడ్డం కాస్త పక్కకు వంగుతుంది, కళ్లు అర సెకను ఖాళీ అవుతాయి, అప్పుడు మాట వస్తుంది. చూసేవాళ్లకు తెలియదు. ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆ అర సెకన్లన్నీ ఆమె గొంతే. తల్లీ కూతుళ్లు మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోట ఇద్దరూ తననే వింటూ నిలబడటం ఆమెకు సిగ్గుగా ఉంది.

భోజనం వేళ మేకప్ గదికి వెళ్లింది. అంపారో మెడకు తువ్వాలు చుట్టుకుని సూప్ తాగుతోంది. అరవై నాలుగేళ్లు. పన్నెండు సీరియళ్లలో కథానాయిక, ఇరవై సీరియళ్లలో తల్లి.

"దోన్యా, పదిహేడో సీను బఠాణీ లేకుండా చేద్దాం."

అంపారో చెంచా కింద పెట్టింది. "ఎండలో తిరిగొచ్చావా?"

"లేదు."

"పంతొమ్మిదేళ్లు నా చెవిలో కాపురం ఉండి, ఇప్పుడు చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేస్తానంటావా? నా మొగుళ్లు నయం. ముందో గొడవ పెట్టుకుని పోయారు."

"మీరు స్టేజీ మీద మొదలైనవాళ్లు. నేను చదువుకునే రోజుల్లో చూశాను. రెండు గంటలు ఎవరి సాయమూ లేకుండా మాట్లాడారు."

"అప్పుడు నాకు ముప్పై. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీశానో ఆలోచిస్తూ నిలబడుతున్నా." గొంతు తగ్గించింది. "మర్చిపోతానే తల్లీ. ఆ పిల్ల ముందు, లైట్ల వాళ్ల ముందు, అందరి ముందూ. ముసల్ది అయిపోయిందంటారు. ఆ మాట ఒకసారి వచ్చిందంటే తర్వాత అమ్మమ్మ వేషాలే. ఆ తర్వాత ఫోటోకి దండేసి గోడకి తగిలిస్తారు."

హెర్మీనియా కింద, ఆవిడ కాళ్ల దగ్గర ఉన్న పెట్టె మీద కూర్చుంది. చెప్పకుండా మైకు కట్టేయాలని పొద్దున ఒకసారి ఆమెకు అనిపించింది. ఇప్పుడు ఆ ఆలోచన తలుచుకుంటే రోత పుట్టింది.

"మర్చిపోతే మర్చిపోండి. నేను కట్ చెప్పను. కూతురికి ఆ మాట చెప్పాల్సిన తల్లి గడగడా అప్పజెబుతుందా? మీకు ఎప్పుడు ఏడుపు రావాలో పంతొమ్మిదేళ్లు నేనే చెప్పాను. నాకు విసుగొచ్చింది దోన్యా. ఒక్కసారి మీరు చెబితే నేను వినాలని ఉంది."

అంపారో మెడలో తువ్వాలు లాగి పడేసింది. "మూడు సార్లు. మూడోసారీ తప్పితే బఠాణీ పెట్టుకుంటా. నువ్వు నోర్మూసుకుని ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటాను."

సాయంత్రం నాలుగున్నరకు గోడ మీద ఇరవై ఒక్క గీతలున్నాయి. మిగిలినవి పదిహేడోదీ, ఇంకో రెండు చిన్నవీ. బఠాణీ ఉంటే గంటలో మూడూ అయిపోయేవి.

మొదటిసారి కెమెరా తిరిగింది. అంపారో నిలబడింది, యత్సీరి నిలబడింది. ఇద్దరి గడ్డాలూ చెవి వైపు వంగాయి. ఇద్దరూ పైనుంచి రావాల్సిన గొంతు కోసం ఎదురుచూశారు. గొంతు రాలేదు. చెవులు ఖాళీ అని ఇద్దరికీ తెలుసు, అయినా ఒంటి అలవాటు పోలేదు. యత్సీరి ముందు ఫక్కుమంది, తర్వాత లైట్ల వాళ్లూ నవ్వారు. అంపారో నవ్వలేదు.

రెండోసారి ఆవిడ ఒక పేజీ దాటింది. రెండో పేజీలో "ఆ రాత్రి వాన" దగ్గర ఆగి, అమ్మనాబూతులు తిట్టి, చేతిలో రుమాలు నేలకేసి కొట్టింది. అప్పటికి అయిదూ పది. ఎవరో కబురు పెట్టినట్టున్నారు, ఇంజనీరు స్వయంగా సెట్ మీదికి వచ్చాడు.

"ఏం జరుగుతోందిక్కడ? బఠాణీలేవి?"

"తీయించేశాను."

"పెట్టించు. పది నిమిషాల్లో ఇది అయిపోతుంది. మిగతా రెండూ కొట్టేయొచ్చు. ఇరవై నాలుగు అవుతాయి, కుర్చీ నీదవుతుంది. నీకు మంచి చెయ్యాలనే చూస్తున్నా, అర్థమవుతోందా?"

అర్థమైంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఇప్పుడు తలూపితే నలభై ఎపిసోడ్ల మీద తన పేరు పడుతుంది. అమ్మ బతికి ఉంటే చూసి మురిసిపోయేది. హెర్మీనియాకు ఆ పేరు కావాలి. కానీ ఈ సీను మీద తన పేరు పడితే దానికింద అదే ఖాళీ చూపు ఉంటుంది. పేరు తనది, సీను దోన్ అనస్తాసియోది.

"ఆరింటిదాకా ఈ కుర్చీ నాది ఇంజనీరుగారూ. పక్కకి జరగండి, మీ నీడ పడుతోంది."

మెలితోన్ ముక్కు మీద వేలేసుకున్నాడు. ఇంజనీరు ఎర్రబడి పక్కకు జరిగాడు, కానీ పోలేదు.

మూడోసారి. అంపారో మొదటి పేజీ చెప్పింది. వాన దగ్గరికి వచ్చింది, దాటింది. తర్వాత మాట పోయింది. నోరు తెరిచింది, ఏమీ రాలేదు. ఆవిడ కళ్లు ముందు ప్లాస్టిక్ కుర్చీ వైపు వెతికాయి. హెర్మీనియా కదల్లేదు, పెదవులు బిగించి కూర్చుంది. అప్పుడు అంపారో ఎదురుగా ఉన్న పిల్లను చూసింది.

"దార్లో అంతా అనుకుంటూ వచ్చాను," అంది మెల్లగా. "ఇలా చెప్పాలి, అలా చెప్పాలి అని. నిన్ను చూస్తే ఒక్క ముక్కా గుర్తు రావడం లేదు."

కాగితంలో అలా లేదు. కాగితంలో కూతురు అరవాలి, గ్లాసు పగలగొట్టాలి. కానీ యత్సీరికి చెవిలో అరవమని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆ పిల్ల నిజంగా వింది. విన్నాక ఏం చెయ్యాలో తెలియక, గ్లాసు బల్ల మీద పెట్టేసి అడిగింది.

"నన్ను ఎప్పుడైనా ఎత్తుకున్నారా?"

"ఒక్కసారి."

"ఎంతసేపు?"

"వాళ్లు తలుపు కొట్టేదాకా." అంపారో చేతులు చూసుకుంది. "నీ తల ఇంకా తడిగానే ఉంది."

హెర్మీనియా కట్ చెప్పలేదు. వాళ్లిద్దరూ అలా చూసుకుంటూ ఎంతసేపు నిలబడ్డారో అంతసేపూ కెమెరా తిప్పించింది. తర్వాత చెప్పింది, "ఇది ఉంచండి" అని. కళ్లు తుడుచుకుంది, ఎవరు చూసినా లెక్కచేయలేదు. మెలితోన్ గీత వంకరగా గీశాడు.

అప్పటికి అయిదూ ముప్పై అయిదు. తర్వాతి చిన్న సీను పరుగు మీద తీశారు. ఆఖరి దానికి కెమెరాలు వంటింట్లోకి తిప్పుతుండగా ఆరైంది. మాట ప్రకారం లైట్లు ఆరిపోయాయి.

ఇంజనీరు చీకట్లో నిలబడి గోడ మీది గీతలు మళ్లీ లెక్కపెట్టాడు. "చాలా బాగుంది," అన్నాడు. ఆ మాట మనసారా అన్నాడు. "కానీ ఇరవై మూడు."

"తెలుసు. రేపు నా మైకు దగ్గర నేనుంటాను."

"సెలవు తీసుకోరాదా?"

"ఎందుకు? మీ ఫాబ్రీసియోకి ఈ కథ తెలియదు కదా. చదివేవాళ్లు కావాలి."

ఇంటికి మెట్రోలో నిలబడే వెళ్లింది. త్యాగం చేసినట్టు ఏమీ అనిపించలేదు. ఒళ్లు మండిపోయింది. యూనియన్ మీద, దోన్ అనస్తాసియో జారిన మెట్ల మీద, తన మీద మండిపోయింది. కాని ఆ మూడోసారిని తలుచుకున్న ప్రతిసారీ, ఇంకోసారి అవకాశం వచ్చినా అదే చేస్తానని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఇక మైకు మొహం చూడదని స్టూడియోలో సగం మంది అనుకున్నారు. చూడకపోతే ఎలా? అవకాశం మళ్లీ జారిపడితే పట్టుకోవడానికి దగ్గరలో ఉండాలి కదా.

మంగళవారం ఫాబ్రీసియో సెంటు కొట్టుకుని, అందరికీ నమస్కారాలు పెడుతూ వచ్చాడు. మర్యాదస్తుడే, కాదనలేం. పై గదిలో కుర్చీలో కూర్చుని, గాజులోంచి కిందికి ఒకసారి చూసి, తెరల వైపు తిరిగిపోయాడు. హెర్మీనియా పక్కన మైకు ముందు కూర్చుంది. మొదటి సీను. ఆమె డైలాగు చదివింది. కింద అంపారో అదే డైలాగు చెప్పింది, కానీ ఈమె చదవడం పూర్తికాకముందే చెప్పేసింది.

"దోన్యాగారిని కిటికీ వైపు తిరిగి కళ్లనీళ్లు పెట్టుకోమనండి," అన్నాడు ఫాబ్రీసియో.

"దోన్యా, కిటికీ వైపు తిరిగి ఏడవండి," అని హెర్మీనియా మైకులో నమ్మకంగా చెప్పింది.

అంపారో తిరగలేదు. యత్సీరి వైపే చూస్తూ మాట్లాడింది. హెర్మీనియా మళ్లీ చెప్పింది. ఎవరూ కదల్లేదు. చెవి వైపు ఒక్క గడ్డమూ వంగలేదు. అప్పుడు ఆమెకు అర్థమై, చదవడం ఆపేసింది. కింద డైలాగులు నడుస్తూనే ఉన్నాయి. తన గొంతు ఎవరి చెవిలోనూ పడటం లేదు. పంతొమ్మిదేళ్లలో ఆమె ఇంత సంతోషపడింది లేదు.

మెలితోన్ ఫోన్ చేశాడు. "సార్, బఠాణీలన్నీ పళ్లెంలోనే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. రాత్రంతా కూర్చుని బట్టీ పట్టారట."

ఫాబ్రీసియో లౌడ్‌స్పీకర్ బటన్ నొక్కాడు. "దోన్యా అంపారో, దయచేసి కిటికీ వైపు తిరగండి."

ఆవిడ పైకప్పు వైపు చూసింది. "ఎవరది? దేవుడా? దేవుడైతే సరే, అక్కణ్ణుంచే మాట్లాడొచ్చు. డైరెక్టరైతే కిందికి దిగి నా మొహం చూసి చెప్పమను."

"నేను పనిచేసేది ఇక్కణ్ణుంచేనండీ. అందరూ ఇక్కణ్ణుంచే చేస్తారు."

"నిన్న ఒకావిడ దిగింది. ఆవిణ్ణి పంపించండి," అంటూ అంపారో సోఫాలో కూర్చుని కాళ్లు చాపుకుంది. యత్సీరి వెళ్లి పక్కన కూర్చుంది. ఆ పిల్లకిది మొదటి సీరియల్, ఉద్యోగం ఊడితే ఇంకోటి దొరకదు. అయినా లేవలేదు.

తొమ్మిదైంది, పదైంది. గోడ మీద ఒక్క గీతా పడలేదు. ఇంజనీరు వచ్చి బతిమాలాడు, బెదిరించాడు, చివరికి పై గదికి ఎక్కి హెర్మీనియా ముందు నిలబడ్డాడు.

"నువ్వు నేర్పావా వాళ్లకి?"

"లేదు. నాకూ ఇప్పుడే తెలిసింది."

ఆమె ముఖం చూసి ఆయన నమ్మాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. "ఇరవై మూడు సున్నా కంటే పెద్దదే. దిగు."

హెర్మీనియా లేవలేదు. "పేరు?"

"ముందు దిగవే తల్లీ, తర్వాత మాట్లాడదాం."

"పేరు పడుతుందా లేదా?"

"పడుతుంది."

"ఇవాళ్టినుంచి కాదు. నిన్నటి ఎపిసోడ్ నుంచి."

ఇంజనీరు మేనల్లుడి వైపు చూశాడు. ఫాబ్రీసియో అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. "నిన్నటి నుంచే," అన్నాడు ఇంజనీరు.

ఆమె మైకు కట్టేసి మెట్లు దిగింది. సెట్ మీదికి రాగానే లైట్ల వాళ్లు చప్పట్లు కొట్టారు, మెలితోన్ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి పెట్టాడు. అంపారో సోఫాలోంచి లేచి, కౌగిలించుకోవడానికి రెండు చేతులూ బార్లా చాపింది. కళ్లలో నీళ్లు, ఎవరూ పెట్టుకోమనకుండానే వచ్చినవి.

హెర్మీనియా ఆవిడ ముఖంలోకి దగ్గర్నుంచి చూసింది.

"మొదటి సీన్లో రెండు వాక్యాలు మింగేశారు దోన్యా. నాకు రెండూ కావాలి. మళ్లీ మొదటినుంచి."

అంపారో చేతులు దించింది. హెర్మీనియా వంశాన్నంతా తిట్టుకుంటూ వెళ్లి తన చోట నిలబడింది.